రీబూట్ అయ్యాక సర్వీసులు వరుస తప్పుతున్నాయా? స్లీప్ లైన్లు తీసేసి ఇలా చేయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత మేరకు ఒకసారి చెబుతాను, తర్వాత చదివేవారికి కూడా పనికొస్తుంది. ఉబుంటు 22.04 సర్వరు. పోస్ట్‌గ్రెస్ 14 డేటా ఐస్కజీ (నెట్‌వర్కు మీదుగా డిస్కును అందించే పద్ధతి) ద్వారా వచ్చే డిస్కు మీద ఉంది, ఆ డిస్కు /డేటా దగ్గర మౌంట్ అవుతుంది. మీ అప్లికేషన్‌కు వినియోగదారులు పంపే ఫైళ్లు కూడా అక్కడికే చేరతాయి. రీబూట్ చేసినప్పుడల్లా ఏదో ఒక చిక్కు. ఒక్కోసారి డేటాబేసు లేవదు. లేచినా, అప్లికేషన్ దానికంటే ముందే లేచి పడిపోతుంది. కాన్‌ట్రాక్ పరిమితి (కెర్నెల్ గుర్తుంచుకునే నెట్‌వర్కు కనెక్షన్ల గరిష్ఠ సంఖ్య) మీరు పెట్టిన విలువ దగ్గర నిలవదు. ఒకసారి వినియోగదారుల ఫైళ్లు కొన్ని మాయమయ్యాయి. విరుగుడుగా బూట్ చివర నడిచే ఆర్‌సీ.లోకల్ స్క్రిప్టులో స్లీప్ 60 (60 సెకన్లు ఆగమని) పెట్టారు, అది చాలక 90 చేశారు. సెంటాస్ 6లో ఇచ్చినట్టు వరుస సంఖ్య ఇప్పుడు ఎక్కడ ఇవ్వాలి అన్నది మీ ప్రశ్న.

అలా సంఖ్య ఇచ్చే చోటు ఇప్పుడు లేదు. లేకపోవడమే మంచిది. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను పలికే తీరులో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

సెంటాస్ 6 కాలంలో ప్రతి ఇనిట్ స్క్రిప్టు పైభాగంలో చెక్‌కాన్ఫిగ్ లైను ఒకటి ఉండేది. నెట్‌వర్కుకు 10, మైఎస్‌క్యూఎల్‌కు 64, అపాచీకి 85. ఆ అంకెల ప్రకారం ఒక స్క్రిప్టు పూర్తయ్యాకే తర్వాతి స్క్రిప్టు నడిచేది. అపాచీ 85లో ఉంది కాబట్టి 64లో ఉన్న డేటాబేసు అప్పటికే లేచి ఉంటుందని మనం ధీమాగా ఉండేవాళ్లం. నిజానికి ఆ అంకెలకు అవసరం సంగతి తెలియదు. 64వ స్క్రిప్టు విఫలమైనా 85వది తన పాటికి తాను నడిచేది. ఇప్పుడు బూట్‌లో సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రాము సిస్టమ్‌డీ. దాన్ని లెనార్ట్ పొయెటరింగ్, కే సీవర్స్ 2010లో ప్రకటించారు. 2011లో ఫెడోరా 15, 2015లో ఉబుంటు 15.04 దాన్ని సొంతం చేసుకున్నాయి. అప్పటి నుంచి లెక్క మారింది. మీరు ఏమీ చెప్పకపోతే అన్నీ ఒకేసారి మొదలవుతాయి. ఏది దేనికోసం ఆగాలో చెబితే అది మాత్రమే ఆగుతుంది. స్లీప్ 90 అంటే మీరు సిస్టమ్‌డీకి ఏమీ చెప్పలేదు, 90 సెకన్లలో అంతా సర్దుకుంటుందని ఊహించారు. స్టోరేజీ పెట్టె నెమ్మదిగా లేచిన రోజున ఆ ఊహ తప్పుతుంది. మిగతా రోజుల్లో సర్వరు ఊరికే ఒకటిన్నర నిమిషం కాచుకుని కూర్చుంటుంది.

కాబట్టి ప్రతి సర్వీసు గురించి ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది ఏ వస్తువు కోసం ఎదురుచూస్తోంది? డిస్కా, పోర్టా, కెర్నెల్ మాడ్యూలా, ఐపీ చిరునామానా? జవాబు దొరికితే ఆ వస్తువు పేరే యూనిట్ ఫైలులో (సర్వీసు వివరాలు సిస్టమ్‌డీకి చెప్పే ఫైలు) రాస్తాం.

రాసే ముందు ఒక తేడా తెలియాలి, ఎందుకంటే నేను చూసే యూనిట్ ఫైళ్లలో ఎక్కువ తప్పులు ఇక్కడే ఉంటాయి. సిస్టమ్‌డీలో వరుస వేరు, అవసరం వేరు. ఆఫ్టర్, బిఫోర్ అనేవి వరుసను మాత్రమే చెబుతాయి. వాంట్స్, రిక్వైర్స్ అనేవి అవసరాన్ని మాత్రమే చెబుతాయి. ఆఫ్టర్ ఒక్కటే రాస్తే, ఆ రెండో సర్వీసు కూడా ఇదే బూట్‌లో మొదలవుతుంటే దాని తర్వాత ఇది వస్తుంది. అది అసలు మొదలయ్యే జాబితాలోనే లేకపోతే ఆ లైనుకు ప్రభావమే ఉండదు. రిక్వైర్స్ ఒక్కటే రాస్తే రెండూ లేస్తాయి, కానీ ఒకేసారి లేస్తాయి, ఏది ముందో చెప్పలేం. పేరు చూసి రిక్వైర్స్ అంటే వరుస కూడా వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. రెండూ కావాలంటే రెండూ రాయాలి.

రిక్వైర్స్‌ను ప్రతిచోటా వాడమని మాత్రం చెప్పను. దాంతో ఆఫ్టర్ కూడా ఉండి, అవతలి సర్వీసు మొదటి ప్రయత్నంలో విఫలమైతే, మీ సర్వీసు అసలు మొదలే కాదు. రీస్టార్ట్ లైను ఉంది కదా అంటారేమో. అది నడిచి పడిపోయిన సర్వీసును లేపుతుంది, మొదలే కాని దాన్ని పట్టించుకోదు. అవతలి సర్వీసు రెండో ప్రయత్నంలో చక్కగా లేచినా మీది అలాగే పడి ఉంటుంది. ఇంకో విషయం, డేటాబేసును మీరు స్టాప్ చేసినా రీస్టార్ట్ చేసినా, రిక్వైర్స్ ఉన్న అప్లికేషన్‌కు కూడా అదే జరుగుతుంది. డేటాబేసు దానంతట అది కూలితే మాత్రం అప్లికేషన్ ఆగదు. అప్పుడు కూడా ఆగాలంటే బైండ్స్‌టు, ఆఫ్టర్ కలిపి వాడాలి. మామూలు అప్లికేషన్‌కు నా సలహా వాంట్స్, ఆఫ్టర్ కలిపి రాయడం. రిక్వైర్స్ స్థాయి కట్టుబాటును డిస్కుల కోసం దాచుకోండి, ఎందుకంటే డిస్కు లేకుండా నడిస్తే జరిగే నష్టం వేరే రకం.

మీకు ఆ నష్టం ఇప్పటికే జరిగింది. ఆ మాయమైన ఫైళ్లు ఎక్కడికీ పోలేదు.

మీ ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైలు) లైను చూశాను. అందులో నోఫెయిల్ ఉంది, డిస్కు నెట్‌వర్కు అవతల ఉందని చెప్పే _నెట్‌డెవ్ లేదు. ఆ నోఫెయిల్ అక్కడికి ఎలా వచ్చిందో ఊహించగలను. మొదట మామూలుగా రాసి ఉంటారు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ ఉన్న బ్లాక్ డిస్కును చూసి అది నెట్‌వర్కు అవతల ఉందని సిస్టమ్‌డీకి తెలిసే దారి లేదు. దాన్ని సొంత డిస్కుగా లెక్కగట్టి బూట్ తొలిదశలోనే వెతుకుతుంది. 90 సెకన్లు చూసి, దొరక్కపోతే లోకల్-ఎఫ్‌ఎస్ టార్గెట్ (సొంత డిస్కులన్నీ మౌంట్ అయ్యాయని చెప్పే బూట్ మజిలీ) విఫలమై ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. రిమోట్ సర్వరు అలా ఆగిపోయి, కన్సోల్ దాకా వెళ్లాల్సి వచ్చాక ఎవరో నోఫెయిల్ పెట్టమని చెప్పి ఉంటారు. పెట్టగానే బూట్ సాఫీగా అయింది. కానీ నోఫెయిల్‌కు రెండు అర్థాలు ఉన్నాయి. మౌంట్ కాకపోయినా బూట్ ఆగదు, అది అందరికీ తెలుసు. ఆ మౌంట్ కోసం ఎవరూ ఎదురు కూడా చూడరు అన్నది రెండోది. టార్గెట్‌తో ఉండాల్సిన వరుస బంధం కూడా తెగిపోతుంది.

ఫలితంగా మీ అప్లికేషన్ లేచేసరికి /డేటా అనేది రూటు డిస్కు మీద ఉన్న ఖాళీ డైరెక్టరీ మాత్రమే. అప్లికేషన్‌కు ఆ తేడా తెలియదు, వచ్చిన ఫైళ్లను అందులోనే రాసింది. కాసేపటికి ఐస్కజీ డిస్కు వచ్చి ఆ డైరెక్టరీ మీదే మౌంట్ అయింది. కింద ఉన్న ఫైళ్లు కనబడకుండా పోయాయి. పోస్ట్‌గ్రెస్ ఈ విషయంలో జాగ్రత్తపరురాలు, డేటా డైరెక్టరీ ఖాళీగా ఉంటే మొదలవడానికే ఒప్పుకోదు. అందుకే మీకు డేటాబేసు లేవకపోవడం, ఫైళ్లు పోవడం ఒకే రోజు కనిపించి ఉండాలి. ఫైళ్లను వెనక్కి తేవాలంటే రూటును ఇంకో చోట బైండ్ మౌంట్ చేయండి: మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ. అప్పుడు /ఎంఎన్‌టీ/డేటా లోపల అవి కనిపిస్తాయి. నకలు తీసుకుని, అసలు చోటికి చేర్చి, ఆ కింది డైరెక్టరీని ఖాళీ చేయండి.

ఇప్పుడు శాశ్వత చికిత్స. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీబీ1 లాంటి పేరు తీసేసి డిస్కుకు స్థిరంగా ఉండే గుర్తింపు సంఖ్య యూయూఐడీ రాయండి, నోఫెయిల్ తీసి _నెట్‌డెవ్ పెట్టండి. అప్పుడు అది రిమోట్-ఎఫ్‌ఎస్ టార్గెట్ కిందికి పోతుంది, నెట్‌వర్కు వచ్చాక, ఐస్కజీ లాగిన్ అయ్యాక మౌంట్ అవుతుంది. ఈ టార్గెట్ విఫలమైనా సర్వరు ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోదు కాబట్టి నోఫెయిల్ అవసరం కూడా తీరింది. ఒక్కటి గుర్తుంచుకోండి: మామూలు యూజర్ల లాగిన్లను తెరిచే సర్వీసు రిమోట్-ఎఫ్‌ఎస్ తర్వాతే నడుస్తుంది. స్టోరేజీ రాని రోజున ఒకటిన్నర నిమిషం పాటు సిస్టమ్ ఇంకా బూట్ అవుతోందని చెప్పి ఎస్‌ఎస్‌హెచ్ మిమ్మల్ని బయటే నిలబెట్టవచ్చు. కంగారుపడి పవర్ బటన్ జోలికి వెళ్లకండి.

అంతటితో సగమే అయింది. మామూలు సర్వీసులు లోకల్ డిస్కుల కోసం వాటంతట అవే ఆగుతాయి, రిమోట్ డిస్కుల కోసం ఆగవు. డెబియన్, ఉబుంటు ప్యాకేజీలో వచ్చే పోస్ట్‌గ్రెస్ యూనిట్‌లో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ లైను ఒకటి ఉంటుంది, కానీ అది /వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దారినే చూస్తుంది. మీరు డేటాను /డేటా కిందికి మార్చారు, ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@14-మెయిన్ అని కొట్టి, ఈ రెండు లైన్లు ఇవ్వండి:

[యూనిట్]
రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/డేటా

ఆ దారికి ఏ మౌంట్ కావాలో సిస్టమ్‌డీ తానే వెతుక్కుని, అవసరాన్నీ వరుసనూ రెండింటినీ చేరుస్తుంది. అదే లైను మీ అప్లికేషన్ యూనిట్‌లోనూ ఉండాలి. దీనికి తోడు నేను ప్రతి సర్వరులో చేసే పని ఒకటి ఉంది. డిస్కు మౌంట్ కాకముందు ఆ ఖాళీ డైరెక్టరీకి సీహెచ్‌అట్ర్ +ఐ పెట్టేస్తాను. మౌంట్ అయ్యాక దాని ప్రభావం ఉండదు. మౌంట్ కానప్పుడు మాత్రం రూటు యూజరు సహా ఎవరూ అందులో ఒక్క ఫైలు కూడా రాయలేరు. అప్లికేషన్ ఎర్రర్ ఇచ్చి పడిపోతుంది, మనకు కావలసింది అదే.

తర్వాత, అప్లికేషన్ డేటాబేసు కంటే ముందే లేచి పడిపోవడం. ఆఫ్టర్=పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.సర్వీస్ అని పెట్టానని, అయినా పనిచేయలేదని రాశారు. ఉబుంటులో ఆ పేరున్న సర్వీసు ఉత్త డొల్ల. సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ కొట్టి చూడండి, అది నడిపేది /బిన్/ట్రూ మాత్రమే. అసలు డేటాబేసు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@14-మెయిన్. అది డొల్ల కంటే ముందు రావాలన్న వరుస ఉంది కాబట్టి ఆఫ్టర్ పూర్తిగా వృథా కాదు. కానీ ఆ అసలు యూనిట్‌లో ఎగ్జెక్‌స్టార్ట్ లైనులో ఆదేశానికి ముందు ఒక చిన్న అడ్డగీత ఉంటుంది. మొదలుపెట్టే ఆదేశం విఫలమైనా లెక్కచేయవద్దని దాని అర్థం. కరెంటు పోయి సర్వరు పడిపోయాక రికవరీకి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ప్యాకేజీ తయారుచేసినవారు కావాలనే అలా పెట్టారు. సహేతుకమైన నిర్ణయమే. మీకు మాత్రం, ఆ సర్వీసు లేచిందని సిస్టమ్‌డీ చెప్పినంత మాత్రాన డేటాబేసు కనెక్షన్లు తీసుకుంటోందని అర్థం కాదు.

ఇది పోస్ట్‌గ్రెస్‌కే పరిమితం కాదు. ఆఫ్టర్ అంటే అవతలి సర్వీసు మొదలైందని సిస్టమ్‌డీ నమ్మిన క్షణం తర్వాత అని. ఆ క్షణం ఏదో టైప్ లైను నిర్ణయిస్తుంది. ఏమీ రాయకపోతే వచ్చేది సింపుల్. అందులో ప్రాసెస్ పుట్టగానే మొదలైనట్టే లెక్క, లోపల జావా ప్రోగ్రాము ఇంకా క్లాసులు లోడ్ చేసుకుంటున్నా సరే. ఫోర్కింగ్‌లో తల్లి ప్రాసెస్ ముగిసినప్పుడు. వన్‌షాట్‌లో పని పూర్తయినప్పుడు. నోటిఫైలో ప్రోగ్రామే స్వయంగా సిద్ధమయ్యానని కబురు పంపినప్పుడు. మీరు రాసుకునే సర్వీసుల మీద వేరేవి ఆధారపడి ఉంటే నోటిఫై వాడండి. పోర్టు తెరిచాక రెడీ=1 అన్న కబురు నోటిఫై సాకెట్‌కు పంపడమే కాబట్టి ఏ భాషలోనైనా కొద్ది లైన్ల పని.

మీ అప్లికేషన్ యూనిట్ ఇలా ఉంటే చాలు:

[యూనిట్]
వాంట్స్=పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@14-మెయిన్.సర్వీస్
ఆఫ్టర్=పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@14-మెయిన్.సర్వీస్
రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/డేటా

[సర్వీస్]
రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్
రీస్టార్ట్‌సెక్=5

దీనికి, అసలు ప్రోగ్రాము కంటే ముందు నడిచే ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీలో, డేటాబేసు సిద్ధమా అని అడిగే పీజీ_ఈజ్‌రెడీ విజయవంతం అయ్యేదాకా తిరిగే చిన్న షెల్ లూపు చేర్చండి. లూపు లోపల స్లీప్ 1 ఉంటుంది. దాని మీద నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే అది గడియారాన్ని కాకుండా డేటాబేసును అడుగుతోంది. టైమ్‌అవుట్‌స్టార్ట్‌సెక్ మామూలుగా 90 సెకన్లు, అది దాటితే సిస్టమ్‌డీ ఆపేసి మళ్లీ మొదలుపెడుతుంది. రీస్టార్ట్‌సెక్ గురించి ఒక మాట. మీ పాత యూనిట్‌లో అది లేదు. లేకపోతే విరామం 100 మిల్లీసెకన్లే. పది సెకన్లలో ఐదుసార్లు మొదలైతే ఇక చాలని సిస్టమ్‌డీ చేతులు ఎత్తేస్తుంది. అంటే వెంటనే పడిపోయే ప్రోగ్రాముకు ఉన్న ఐదు అవకాశాలు రెప్పపాటులో అయిపోతాయి. రీస్టార్ట్ పెట్టినా లేవడం లేదన్న మీ ఫిర్యాదు వెనుక ఉన్నది ఇదే. ఐదు సెకన్ల విరామం ఇస్తే ఆ పరిమితి ఎప్పటికీ తగలదు.

రేపు డేటాబేసును వేరే సర్వరుకు మారిస్తే ఈ ఆఫ్టర్‌లు ఏవీ పనిచేయవు. సిస్టమ్‌డీ పెత్తనం ఒక యంత్రం గడప దాటదు. అందుకే కనెక్షన్ దొరక్కపోతే కాసేపాగి మళ్లీ అడిగే తెలివి అప్లికేషన్‌లోనే ఉండాలి. మీ డెవలపర్లతో గొడవపడైనా చేయించండి.

నెట్‌వర్కు విషయం త్వరగా ముగిస్తాను. మీ యూనిట్లలో ఆఫ్టర్=నెట్‌వర్క్.టార్గెట్ కనిపించింది. బూట్ సమయంలో ఆ టార్గెట్ చెప్పేది చాలా తక్కువ: నెట్‌వర్కును చూసుకునే సాఫ్ట్‌వేర్ మొదలైంది, అంతే. ఐపీ వచ్చిందని కాదు. దాని అసలు ఉపయోగం షట్‌డౌన్‌లో. ఆగేటప్పుడు వరుస తిరగబడుతుంది కాబట్టి, నెట్‌వర్కు తెగకముందే మీ సర్వీసు ఆగుతుంది. ఐపీ నిజంగా కావాలంటే నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్‌ను వాంట్స్‌లోనూ ఆఫ్టర్‌లోనూ రాయాలి. అది పెట్టాక బూట్ రెండు నిమిషాలు ఆగిపోతే కేబుల్ లేని రెండో పోర్టు కోసం ఎదురుచూస్తోందని అర్థం. నెట్‌ప్లాన్‌లో ఆ పోర్టుకు ఆప్షనల్: ట్రూ అని పెట్టండి.

ఇక కెర్నెల్ మాడ్యూళ్లు, అంటే అవసరమైనప్పుడు కెర్నెల్‌లోకి ఎక్కే డ్రైవర్ల లాంటి ముక్కలు. మీ కాన్‌ట్రాక్ చిక్కు ఇక్కడిదే, దానికీ సర్వీసుల వరుసకూ దగ్గరి సంబంధం ఉంది.

ముందుగా మాడ్యూళ్ల మధ్య ఆధారాలు ఎలా తెలుస్తాయో చూద్దాం. ఒక మాడ్యూలు ఇంకో మాడ్యూలులోని ఫంక్షన్‌ను వాడితే ఆ పేరు దాని ఫైలులో తీరని సింబల్‌గా ఉంటుంది. డెప్‌మాడ్ అన్ని మాడ్యూళ్లనూ చదివి, ఎవరి సింబల్ ఎవరి దగ్గర ఉందో పోల్చి, /లిబ్/మాడ్యూల్స్ కింద ఆ కెర్నెల్ డైరెక్టరీలో మాడ్యూల్స్.డెప్ అనే ఫైలు రాస్తుంది. మాడ్‌ప్రోబ్ దాన్ని చూసి కావలసినవన్నీ వరుసగా ఎక్కిస్తుంది. మీ సర్వరులోనే మాడ్‌ఇన్ఫో ఐస్కజీ_టీసీపీ కొట్టండి. అది లిబ్‌ఐస్కజీ_టీసీపీ, లిబ్‌ఐస్కజీ, స్కజీ_ట్రాన్స్‌పోర్ట్_ఐస్కజీ మీద ఆధారపడినట్టు చూపిస్తుంది. మాడ్‌ప్రోబ్ ఒక్క ఆదేశంతో అన్నిటినీ తెస్తుంది. ఇన్‌స్‌మాడ్ ఇచ్చిన ఫైలును మాత్రమే ఎక్కించబోయి, సింబల్ తెలియదని విఫలమవుతుంది. స్క్రిప్టుల్లో ఇన్‌స్‌మాడ్ కనిపిస్తే తీసేయండి.

సింబల్ ద్వారా కనిపించని ఆధారాలు కూడా ఉంటాయి. మీ 5.15 కెర్నెల్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ తనకు కావలసిన సీఆర్‌సీ32సీ లెక్కను నడిచే సమయంలో క్రిప్టో విభాగాన్ని పేరుతో అడుగుతుంది. డెప్‌మాడ్‌కు ఆ బంధం కనబడదు. అందుకే మాడ్యూలు రాసినవారు సాఫ్ట్‌డెప్ అనే సూచన ఇస్తారు. మనం కూడా /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ కింద సాఫ్ట్‌డెప్ లైనుతో ఫలానా మాడ్యూలుకు ముందు ఫలానాది ఎక్కించమని చెప్పవచ్చు. నిజంగా అవసరమైనప్పుడు మంచి సాధనం. కానీ దీన్ని ఎక్కువమంది వాడేది రెండు కార్డుల డ్రైవర్లను వరుసలో పెట్టి, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు మారకుండా చూసుకోవడానికి. అది ఎప్పటికీ నిలవదు. పరికరాలను గుర్తించే యూడెవ్ డ్రైవర్లను సమాంతరంగా ఎక్కిస్తుంది, ఎక్కాక డిస్కులు ఏ క్షణాన కనబడతాయనేది హార్డ్‌వేర్ ఇష్టం. డిస్కులకు యూయూఐడీ ఉంది, నెట్‌వర్కు కార్డులకు 2013 నుంచి స్థిరమైన పేర్లు ఉన్నాయి, వాటిని వాడుకోండి.

రెండు డైరెక్టరీలను కలగాపులగం చేసుకోవడం ఇంకో సామాన్యమైన పొరపాటు. మాడ్యూల్స్-లోడ్.డీలో పెట్టేది బూట్‌లో ఎక్కించాల్సిన మాడ్యూళ్ల పేర్లు, లైనుకు ఒకటి. మాడ్‌ప్రోబ్.డీలో పెట్టేది ఎక్కేటప్పుడు పాటించాల్సిన నియమాలు. రెండో దాంట్లో ఉత్త మాడ్యూలు పేరు రాస్తే ఏదీ ఎక్కదు.

ఇప్పుడు మీ కాన్‌ట్రాక్. కెర్నెల్ విలువలు రాసే సిస్‌సీటీఎల్.డీలో నెట్.నెట్‌ఫిల్టర్.ఎన్‌ఎఫ్_కాన్‌ట్రాక్_మ్యాక్స్ విలువ సరిగ్గానే రాశారు. సిస్టమ్‌డీ-సిస్‌సీటీఎల్ సర్వీసు బూట్ మొదట్లోనే దాన్ని రాయడానికి వెళుతుంది. ఆ క్షణానికి ఎన్‌ఎఫ్_కాన్‌ట్రాక్ మాడ్యూలు ఎక్కలేదు కాబట్టి ప్రాక్ కింద ఆ ఫైలే లేదు. ఫైలు లేదని జర్నల్‌లో ఒక లైను రాసి ముందుకు పోతుంది, సర్వీసు విఫలమైనట్టు కూడా చూపదు. తర్వాత ఫైర్‌వాల్ నియమాలు వచ్చినప్పుడు మాడ్యూలు దానంతట అది ఎక్కి, మెమరీ పరిమాణాన్ని బట్టి తన సొంత విలువ పెట్టుకుంటుంది. మీరు లాగిన్ అయి సిస్‌సీటీఎల్ --సిస్టమ్ కొడితే అప్పుడు మాడ్యూలు ఉంది కాబట్టి విలువ పడుతుంది. చేత్తో కొడితే పనిచేస్తుంది, బూట్‌లో పనిచేయదు అని మీరు విసుక్కున్నది దీన్నే.

విరుగుడు ఒక్క లైను. /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డీ కింద కాన్‌ట్రాక్.కాన్ఫ్ అనే ఫైలులో ఎన్‌ఎఫ్_కాన్‌ట్రాక్ అని రాయండి. సిస్టమ్‌డీ-సిస్‌సీటీఎల్ యూనిట్ ముందే సిస్టమ్‌డీ-మాడ్యూల్స్-లోడ్ తర్వాత వచ్చేలా రాసి ఉంది, మీరు వరుస ఏమీ చేర్చనక్కర్లేదు. కుబెర్నెటిస్ నోడ్‌లలో బీఆర్_నెట్‌ఫిల్టర్‌ను ఇదే పద్ధతిలో ఎక్కించమనడానికి కారణం కూడా ఇదే. 3.18 కెర్నెల్ నుంచి అది బ్రిడ్జి మాడ్యూలు నుంచి విడిపోయింది, అది ఎక్కితేగాని బ్రిడ్జి-ఎన్‌ఎఫ్ విలువలు పుట్టవు. పాత బ్లాగుల నుంచి నకలు చేసేటప్పుడు ఒక జాగ్రత్త: ఎన్‌ఎఫ్_కాన్‌ట్రాక్_ఐపీవీ4 అన్న పేరు చాలాచోట్ల కనిపిస్తుంది. 4.19 కెర్నెల్‌లో అది ఎన్‌ఎఫ్_కాన్‌ట్రాక్‌లో కలిసిపోయింది. ఇప్పుడు ఆ పేరు రాస్తే మాడ్యూల్స్-లోడ్ సర్వీసు ఎర్రగా విఫలమైనట్టు చూపిస్తుంది, జాబితాలోని మిగతావి మాత్రం ఎక్కుతాయి. పరిమితి బాగా పెంచితే హ్యాష్‌సైజ్ (ఆ కనెక్షన్ల పట్టిక పరిమాణం) కూడా పెంచాలి. అది మాడ్యూలు పారామీటరు కాబట్టి మాడ్‌ప్రోబ్.డీలో ఆప్షన్స్ లైనుగా వెళుతుంది.

ఒక సర్వీసుకు మాత్రమే మాడ్యూలు కావాలంటే బూట్‌లో అందరికోసం ఎక్కించనక్కర్లేదు. 2020లో వచ్చిన సిస్టమ్‌డీ 245 నుంచి మాడ్‌ప్రోబ్@ అనే టెంప్లేట్ సర్వీసు ఉంది, మీ ఉబుంటులో ఉన్నది 249. సర్వీసు యూనిట్‌లో ఆ పేరు వెనుక మాడ్యూలు పేరు చేర్చి వాంట్స్‌లోనూ ఆఫ్టర్‌లోనూ రాస్తే చాలు. ఈ టెంప్లేట్ మాడ్యూలు ఎక్కకపోయినా ఫిర్యాదు చేయదు. కాబట్టి తోడుగా అసర్ట్‌పాత్ఎగ్జిస్ట్స్=/సిస్/మాడ్యూల్/పేరు పెడతాను. కెర్నెల్ మార్చాక డీకేఎంఎస్ (ప్రతి కెర్నెల్‌కు మాడ్యూలును మళ్లీ కట్టే సాధనం) మాడ్యూలు కొత్త కెర్నెల్‌కు తయారు కాని రోజున, అర్థంకాని ఎర్రర్‌కు బదులు కారణం స్పష్టంగా కనిపిస్తుంది. హెడర్లు లేకపోవడం, సెక్యూర్ బూట్ సంతకం లేకపోవడం, ఎక్కువగా ఈ రెండే కారణాలు. కెర్నెల్‌లోనే కలిపి కట్టిన మాడ్యూలుకు ఆ డైరెక్టరీ ఉండకపోవచ్చు, చూసుకుని రాయండి.

మాడ్‌ప్రోబ్ ముగిసిందంటే పరికరం సిద్ధమైందని కూడా కాదు. డ్రైవరు ఎక్కాక కూడా డిస్కులను వెతకడం వెనుక సాగుతూనే ఉంటుంది. పరికరమే కావాలంటే డివైస్ యూనిట్ కోసం ఆగాలి. డిస్కులకు, నెట్‌వర్కు కార్డులకు ఆ యూనిట్లు వాటంతట అవే వస్తాయి. వేరే రకం పరికరాలకు యూడెవ్ రూల్‌లో సిస్టమ్‌డీ అనే ట్యాగ్ పెడితేనే వస్తాయి. యూడెవ్-సెటిల్ వాడమని చెప్పే పాత సలహాలు వదిలేయండి, ఇంకా కనబడని పరికరం గురించి అదేమీ హామీ ఇవ్వలేదు.

మాడ్యూళ్ల గురించి ఇంకో రెండు మాటలు, వీటి దగ్గర గంటలు పోతాయి. బ్లాక్‌లిస్ట్ లైను మాడ్యూలును పూర్తిగా ఆపదు. హార్డ్‌వేర్ గుర్తింపు ద్వారా దానంతట అది ఎక్కకుండా మాత్రమే చూస్తుంది. పేరు పెట్టి పిలిస్తే, లేదా ఇంకో మాడ్యూలుకు అవసరమైతే ఎక్కేస్తుంది. నిజంగా ఆపాలంటే ఇన్‌స్టాల్ లైనులో /బిన్/ఫాల్స్ ఇవ్వాలి. రెండోది, స్టోరేజీ డ్రైవర్లు సాధారణంగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (రూటు డిస్కు రాకముందు వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్)లో ఉన్నప్పుడే ఎక్కుతాయి. మాడ్‌ప్రోబ్.డీలో మీరు చేసిన మార్పు దాని నకలులో లేకపోతే ఎన్ని రీబూట్‌లు చేసినా పాత విలువే. ఉబుంటులో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ, రెడ్‌హ్యాట్ వైపు డ్రాకట్ -ఎఫ్. తర్వాత /సిస్/మాడ్యూల్ కింద పారామీటర్స్‌లో అసలు విలువ చూసి నమ్మండి.

ఇవన్నీ మార్చాక పరీక్షించే పద్ధతి. డీమన్-రీలోడ్ చేసి, సిస్టమ్‌డీ-అనలైజ్ వెరిఫై మీ యూనిట్ మీద నడపండి. సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-డిపెండెన్సీస్ --ఆఫ్టర్‌తో వరుస నిజంగా చేరిందో చూడండి. తొలిదశ సర్వీసులకంటే ముందు మీ సర్వీసు రావాలని బిఫోర్ రాస్తే, డీఫాల్ట్‌గా చేరే సిస్‌ఇనిట్ (తొలిదశ ముగిసిన మజిలీ) ఆధారంతో అది వలయం అవుతుంది. వలయాన్ని తెంచడానికి సిస్టమ్‌డీ అందులో ఒక జాబ్‌ను తీసేస్తుంది, ఏది తీసేస్తుందో మీ చేతిలో ఉండదు. జర్నల్‌లో ఆర్డరింగ్ సైకిల్ అన్న మాట వెతకండి, ఒక్కటి కనబడినా ముందు దాన్ని సరిచేయండి. ప్యాకేజీ యూనిట్‌లోని ఆఫ్టర్ లైనును డ్రాప్-ఇన్ (సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ తయారుచేసే చేర్పుల) ఫైలులో ఖాళీగా రాసి తీసేయడం కుదరదు, చేర్చడమే కుదురుతుంది. తీసేయాలంటే యూనిట్ మొత్తాన్ని /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్ కిందికి నకలు చేసుకుని మార్చాలి.

అన్నీ ఒకసారి బాగా లేచాయని సంతృప్తిపడకండి, యాదృచ్ఛికంగా కూడా లేస్తాయి. టెస్టు సర్వరులో పోస్ట్‌గ్రెస్ యూనిట్‌కు ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీగా స్లీప్ 45 పెట్టి రీబూట్ చేయండి. వరుస సరిగ్గా రాసి ఉంటే అప్లికేషన్ ఓపిగ్గా ఆగుతుంది. తర్వాత ఐస్కజీ లాగిన్ ఆపేసి రీబూట్ చేయండి. డేటాబేసు, అప్లికేషన్ రెండూ లేవకూడదు, /డేటాలో ఒక్క ఫైలు కూడా పుట్టకూడదు, మీరు ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి రాగలగాలి. ఈ రెండూ నెగ్గాక ఆర్‌సీ.లోకల్‌ను ఖాళీ చేయండి.

ఇంకా తేడా వస్తే ఈ మూడింటి ఫలితం ఇక్కడ పెట్టండి: మీ అప్లికేషన్ పేరుతో సిస్టమ్‌సీటీఎల్ క్యాట్, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో /డేటా లైను, జర్నల్‌సీటీఎల్ -బీ -ఓ షార్ట్-మోనోటోనిక్ తొలి రెండు నిమిషాలు. పాస్‌వర్డులు, బయటి ఐపీలు తీసేసి పెట్టండి. విఫలమైన బూట్ తర్వాత ఇప్పటికే మళ్లీ రీబూట్ చేసి ఉంటే -బీ పక్కన -1 చేర్చండి, లేకపోతే బాగున్న బూట్ లాగ్ పంపుతారు.